పలచటి టీకి పెట్టిన పేరు

క్రాగ్‌షాలో టీ పలచగా ఉంటే దాన్ని పలచటి టీ అనరు, బ్లామైర్ అంటారు. కప్పు అడుగున గీసిన పువ్వు పైనుంచి కనబడితే చాలు, "ఏంటమ్మా ఇది, బ్లామైర్ పోశావు" అని కప్పు వెనక్కి తోస్తారు. అక్కడితో ఆగి ఉంటే హిల్డా బ్లామైర్స్ ఓర్చుకునేదేమో. ఆగలేదు. మాటకు కాళ్లొచ్చి ఊరంతా తిరిగింది. ఫిబ్రవరిలో వెచ్చదనం లేని ఎండ బ్లామైర్ ఎండ అయింది. నాలుగు వేళ్లు మాత్రం అందించి లాక్కునేవాడిది బ్లామైర్ కరచాలనం. గోల్‌కీపరు ఆవులిస్తూ ఆపగలిగే బంతి బ్లామైర్ కిక్. చివరికి మెథడిస్టు చాపెల్‌కి కొత్తగా వచ్చిన పాస్టరు ఇచ్చిన మొదటి ప్రసంగాన్ని కూడా, జనం మెట్లు దిగకముందే, బ్లామైర్ అని తేల్చేశారు. ఆయన కొత్తవాడు కదా, అది మెచ్చుకోలు అనుకుని గుమ్మం దగ్గర నిలబడి అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు చెప్పాడు.

హిల్డాకి డెబ్బై ఎనిమిదేళ్లు. ఆ ఇంటిపేరుతో ఊళ్లో మిగిలిన ఆఖరి మనిషి. ఆమె చిన్నాన్న కూతుళ్లు ముగ్గురూ పద్దెనిమిది నిండీ నిండకుండానే పెళ్లిళ్లు చేసుకుని ఆ పేరు వదిలించుకున్నారు. అందులో ఒకామె పికిల్స్ అనేవాణ్ణి చేసుకుంది. నీళ్ల టీ కన్నా ఊరగాయే నయం కదా అని ఊరు దానికీ ఒక వారం నవ్వింది. హిల్డా అసలు పెళ్లే చేసుకోలేదు. అడిగినవాళ్లు లేక కాదు, ఇద్దరు అడిగారు. రెండోవాడు తనను చేసుకుంటే కలిగే లాభాలు ఏకరువు పెడుతూ "పైగా నీకు ఆ పేరు కూడా తప్పుతుంది" అన్నాడు. హిల్డా అతని టోపీ తెచ్చి చేతికిచ్చి తలుపు తీసింది.

ఆ పేరు ఆమె తండ్రిది. హెరాల్డ్ బ్లామైర్స్ ఉన్ని మిల్లులో, రంగుల షెడ్డులో పనిచేసేవాడు. యుద్ధకాలంలోనూ, యుద్ధం అయిపోయాక కూడా చాలా ఏళ్లూ, టీ రేషను మనిషికి వారానికి రెండు ఔన్సులు. షెడ్డులో అందరూ తలా కాస్త ఆకు తెచ్చి కలిపేవారు, హెరాల్డ్ కాచేవాడు. వచ్చే టీ నీళ్లలా ఉండేది. మిగతా ఆకు ఎటు పోయిందంటే ఇంకెటు పోతుంది, హెరాల్డ్ జేబులోకి. ఇదీ ఊరు చెప్పుకునే కథ. హిల్డా ఈ కథను చిన్నప్పుడు బడిలో విన్నది, పెద్దయ్యాక బేకరీ క్యూలో విన్నది, ఒకసారి పళ్ల డాక్టరు కుర్చీలో నోరు తెరిచి ఉండగా విన్నది. విన్న ప్రతిసారీ కాదంటూనే ఉంది. కుండకు మూత పెట్టవచ్చు గానీ ఊరి నోటికి పెట్టలేం కదా.

ఇంతవరకూ అది నోటి మాట. ఆ ఏడాది మే నెలలో అచ్చుకెక్కబోయింది.

యూనివర్సిటీ నుంచి ఇమోజెన్ అనే అమ్మాయి వచ్చి ఏడాదిగా ఆ లోయలోని ఊళ్ల మాటలన్నీ పోగుచేస్తోంది. దక్షిణాన లండన్ వైపు పిల్ల. తల వంచుకుని వింటుంది, అందరితోనూ మర్యాదగా మాట్లాడుతుంది, ఎవరేం చెప్పినా రాసుకుంటుంది. నిఘంటువు వేయబోతున్నారు. అచ్చుకు పంపేముందు మాటలన్నీ చిన్న అట్టముక్కల మీద రాసి లైబ్రరీలో బోర్డుకు గుచ్చింది. అభ్యంతరాలున్నవాళ్లు గురువారం మధ్యాహ్నం రెండింటికి లైబ్రరీ హాలుకు రావచ్చని కింద ఒక కాగితం అంటించింది.

హిల్డా తీసుకెళ్లిన పుస్తకం తిరిగి ఇవ్వడానికి వచ్చి ఆ బోర్డు ముందు ఆగింది.

"బ్లామైర్. నామవాచకం. నీళ్లలాంటి టీ. బలహీనమైనది ఏదైనా. పుట్టుక: హెరాల్డ్ బ్లామైర్స్ అనే మిల్లు కార్మికుడు యుద్ధకాలంలో తోటివారి టీ ఆకు దొంగిలించేవాడని ప్రతీతి."

ఆమె రెండుసార్లు చదివింది. రెండోసారి చదివేటప్పుడు చేతిలో పుస్తకం జారి కాలిమీద పడింది. నొప్పి కూడా తెలియలేదు.

"కాస్త గట్టిగా చదువు హిల్డా, నేను కళ్లజోడు మర్చిపోయొచ్చాను" అన్నారు వెనకనుంచి.

ఎర్నీ హెప్‌వర్త్. ఊళ్లో ముగ్గురు ఎర్నీలున్నారు కాబట్టి ఇతన్ని పావుగంట ఎర్నీ అంటారు. చాలా ఏళ్ల కిందట పొగాకు కొనుక్కుని పావుగంటలో వస్తానని భార్యకు చెప్పి బయల్దేరి, మూడో రోజున సముద్రం ఒడ్డున ఉన్న బ్లాక్‌పూల్ నుంచి రొయ్యల పొట్లంతో దిగాడు. ఆమె ఆ పొట్లంతోనే కొట్టింది. హిల్డా, అతనూ ఒకే బడిలో ఒకే బల్ల మీద కూర్చున్నవాళ్లు.

"ఇది నీ పనేనా?" అంది హిల్డా.

"ఆ పిల్ల అడిగింది, చెప్పాను. షెడ్డులో పనిచేసినవాళ్లలో మా నాన్న ఒకడు. నేను కాకపోతే ఇంకెవరు చెప్తారు?"

"మీ నాన్న నోటంట దొంగ అన్న మాట విన్నావా నువ్వు? నిజం చెప్పు."

ఎర్నీ టోపీ తీసి నెత్తి గోక్కున్నాడు. "దొంగ అని ఆయనెప్పుడూ అన్లేదులే. బ్లామైర్ అనేవాడు, అంతే."

"మరి దొంగ ఎక్కణ్ణించి వచ్చాడు?"

"అది ఊరు కలిపింది. ఒట్టి మాట ఎవడు వింటాడే, కాస్త ఉప్పూ కారం ఉండొద్దూ? అయినా నీది కూడా తప్పుంది. ఎవరో ఒకరు బ్లామైర్ అంటారు, నువ్వు ఎగిరి పడతావు. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు డెబ్బై ఏళ్లబట్టి తడుముకుంటానే ఉన్నావు. మొదట్లోనే నవ్వేసి ఊరుకుంటే ఈపాటికి అందరూ మర్చిపోయేవాళ్లు."

"నీ పొట్లం సంగతి నువ్వు నవ్వేసి ఊరుకున్నావుగా, మర్చిపోయారా ఎవరైనా?"

ఎర్నీ టోపీ మళ్లీ నెత్తిన పెట్టుకున్నాడు. 

"గురువారం రా" అంది హిల్డా. "అందరి ముందూ తేలుస్తాను. తాడో పేడో."

ఇంటికి వెళ్తూ ఆమె ఆలోచించింది. నోటి మాట గాలికి పుట్టి గాలికి పోతుంది. అచ్చయిన మాట పోదు. రేపు తను పోతుంది, కాదనడానికి ఊళ్లో మరో బ్లామైర్స్ ఉండరు. అప్పుడిక ఆ పుస్తకం చెప్పిందే నిజం. ఎక్కడో లండన్‌లో కూర్చున్న ఎవరో పేజీ తిప్పుతూ నాన్నను దొంగ అని చదువుకుంటారు. కుంటికాలితో మిల్లునుంచి గుట్ట ఎక్కి ఇంటికొచ్చి, బూట్లు విప్పకుండానే పొయ్యి మీద కెటిల్ పెట్టే మనిషిని.

బుధవారమంతా కూర్చుని వాదన రాసుకుంది. మూడు అంశాలు. మూడోది బ్రహ్మాస్త్రం. దాన్ని తలుచుకున్నకొద్దీ ఆమెకే ఆశ్చర్యంగా ఉంది, ఇన్నేళ్లూ ఇది ఎందుకు చెప్పలేదా అని.

గురువారం హాలు నిండిపోయింది. క్రాగ్‌షాలో ఉచితంగా పోట్లాడుకునే అవకాశం రోజూ రాదు. ముందు వరసలో ముసలివాళ్లు, వెనక వాళ్ల గొడుగులు. ఇమోజెన్ ఒక్కో అట్టముక్క తీసి చదువుతోంది.

రెండిళ్ల మధ్య సందును ఏమనాలన్న దగ్గరే అరగంట పోయింది. గుట్ట పైనున్నవాళ్లు గినెల్ అన్నారు, కింద ఉన్నవాళ్లు స్నికెట్ అన్నారు. గినెల్‌కి గోడలుంటాయి, స్నికెట్‌కి కంచెలుంటాయి అని రాజీ చేయబోయిన పెద్దమనిషిని రెండు పక్షాలూ కలిసి కూర్చోబెట్టాయి. ఆ తర్వాత రెజ్ లేచాడు. బస్సు కండక్టరుగా రిటైరైనవాడు. ఆయన సిద్ధాంతం ప్రకారం ఇంగ్లీషులో ఉన్న ప్రతి మొరటు మాటా పాతకాలం ఓడల్లో పెట్టెల మీద రాసిన పొడి అక్షరాల నుంచే పుట్టింది. ఏ మాట చెప్పినా ఏ ఓడో, పెట్టెలో ఏముందో తడుముకోకుండా చెప్తాడు. నాలుగు పెట్టెలు దించాక ఇమోజెన్ కలం పక్కన పెట్టి నీళ్లు తాగింది.

"తర్వాతది బ్లామైర్" అంది.

హాల్లో అందరూ సర్దుకుని కూర్చున్నారు. ఎవరో దగ్గారు. ముందుగా చెప్పిన మనిషి కాబట్టి ఎర్నీని లేవమన్నారు. లేచాడు. ఎర్నీకి కథ చెప్పమంటే పెళ్లి భోజనానికి పిలిచినంత సంబరం.

"మా నాన్న పేరు జో. షెడ్డులో పదకొండు మంది, హెరాల్డ్‌తో పన్నెండు. హెరాల్డ్‌కి మరుగుతున్న రంగు తొట్టెలో కాలు కాలింది. బరువులు మోయలేడు. అందుకని టీ కాచే పని ఆయనకిచ్చారు. పొద్దున్నే ఒక్కొక్కడూ చెంచాడు ఆకు కాగితంలో చుట్టుకొచ్చి డబ్బాలో వేసేవాడు. పదకొండు చెంచాలు. ఎలాంటి టీ రావాలి? గుర్రపు నాడా వేస్తే తేలాలి. ఏం వచ్చేది? కప్పు కింద పేపరు పెట్టి ఫుట్‌బాల్ ఫలితాలు చదువుకునేవాళ్లు."

నవ్వులు. ఇమోజెన్ తల ఎత్తింది. "ఎన్నాళ్లు?"

"ఆరేళ్లు."

"ఆరేళ్లూ ఎవరూ అడగలేదా?"

"అడక్కూడదమ్మా. అదీ రూలు. టీ బాగాలేదని ఎవడు నోరు తెరుస్తాడో, మర్నాటినుంచి టీ డబ్బా వాడి చేతికొస్తుంది. ఆకు పోగెయ్యాలి, కాయాలి, పన్నెండు కప్పులు తోమాలి. ఏ షెడ్డులో అయినా అంతే కదా, అడుగు ఎవర్నైనా. అందుకని అనకుండా అన్నారు. కప్పెత్తి ఒక గుక్క తాగి, 'ఆహా, బ్లామైర్' అనేవాళ్లు. బాగుందనీ కాదు, బాలేదనీ కాదు. అది ఫిర్యాదని ఎవడూ పట్టుకోలేడు. అలా పుట్టిందమ్మా మాట. మా నాన్న ఇంట్లో కూడా అనేవాడు, అమ్మ దగ్గర్నుంచి మేం నేర్చుకున్నాం, మా దగ్గర్నుంచి బడంతా నేర్చుకుంది."

"నా దగ్గరికి కూడా నువ్వే తెచ్చావు" అంది హిల్డా లేచి నిలబడుతూ. "ఏడేళ్ల వయసులో."

"తెచ్చాను. నా చెవి మెలిపెట్టావు కూడా. ఇప్పటికీ ఆ వైపు సరిగా వినబడదు."

మళ్లీ నవ్వులు. హిల్డా కాగితం మడత విప్పింది.

"మొదటిది. మా నాన్నకి దారిలో ఒకసారి వెండి గడియారం దొరికింది. కుంటికాలితో మైలున్నర నడిచి పోలీస్ స్టేషన్లో ఇచ్చొచ్చాడు. అలాంటి మనిషి చెంచాడు టీ ఆకు తీస్తాడా, మీరే చెప్పండి. రెండోది. షెడ్డులో టీ కాచే డబ్బా ఎంతదో ఎవరైనా చూశారా? బకెట్టంత. నీళ్లెక్కువైతే పలచబడదా?" ఆమె ఆగి, హాలంతా కలియజూసి, గొంతు సవరించుకుంది. "ఇవన్నీ ఎందుకు. మూడోది వినండి. మా నాన్నకి అసలు పలచటి టీ కాయడమే చేతకాదు. మీరెవరూ మా ఇంట్లో ఆయన టీ తాగలేదు కాబట్టి ఈ మాటలు మాట్లాడుతున్నారు. నేను తాగాను. నల్లగా ఉండేది. ఉన్ని ముంచితే రంగు పట్టేది. మా అమ్మ మంచంలో ఉండేది, మిల్లు దుమ్ము ఊపిరితిత్తుల్లో చేరి. రొట్టె ముక్క కూడా గొంతు దిగేది కాదు, టీ ఒక్కటే దిగేది. అదీ చిక్కగా ఉంటేనే. పొద్దున్న పనికెళ్లేముందు రెండు కప్పులు కాచి ఇచ్చేవాడు, ఫ్లాస్కు నింపి పక్కన పెట్టి వెళ్లేవాడు, వచ్చాక మళ్లీ రెండు. ప్రతిసారీ కొత్త ఆకు. కాచిన ఆకు మళ్లీ వాడటం మా ఇంట్లో నేను ఎరగను. గులాబీ మొక్క మొదట్లో పారబోసేవాళ్లం. చిన్నపిల్లనని నాక్కూడా తక్కువ చేసేవాడు కాదు, సగం కప్పు నాది. అలాంటి టీ కాచేవాడు, షెడ్డుకెళ్లి నీళ్లు పోస్తాడా?"

చెప్పి ముగించి, చప్పట్లు కొట్టకపోయినా కనీసం తలలైనా ఊపుతారని చూసింది.

ఎవరూ ఊపలేదు. ఎవరూ నవ్వలేదు కూడా. ముందు వరసలో ఐరిస్ లమ్ కూర్చుంది, ఎనభై ఆరేళ్ల మనిషి, వేళ్ల మీద ఏదో లెక్కపెట్టుకుంటోంది. హిల్డా తనవైపే చూస్తోందని గమనించగానే పిడికిలి మూసి ఒళ్లో పెట్టుకుంది. పక్కనున్నామె తన బూట్లవైపు చూసుకుంటోంది. ఆ హాల్లో ముసలివాళ్లు అందరూ రేషను కార్డులతో పెరిగినవాళ్లే. ఒకే ఆకును కిటికీలో ఎండబెట్టి మూడు రోజులు కాచుకున్న ఇళ్ల పిల్లలే.

హిల్డాకి అప్పుడు తన మాటలు తనకే వినిపించాయి. రోజుకు రెండు, రెండు, ఫ్లాస్కు. ప్రతిసారీ కొత్త ఆకు. ముగ్గురు మనుషుల రేషను. బడికెళ్లే పిల్లకైనా తెలిసే లెక్క. డెబ్బై ఏళ్లు తను ఈ లెక్క ఎందుకు వేయలేదో ఆమెకు అర్థం కాలేదు. వేయకపోవడానికి కారణం ఉంది. ఆ టీ ఆమెకు చిన్నతనంలో గుర్తున్న అన్నిటిలోకీ మంచిది, నాన్న కప్పు పట్టుకుని ఒక్కో మెట్టూ కుంటుతూ ఎక్కే చప్పుడు, అమ్మ లేచి కూర్చుని రెండు చేతులతో అందుకోవడం. అలాంటిదాన్ని ఎవరైనా తూకం వేసి చూసుకుంటారా.

ఊరంతా కూడి డెబ్బై ఏళ్లుగా చేయలేని పనిని తనే లేచి నిలబడి, కాగితం మీద రాసుకొచ్చి మరీ చేసింది. తండ్రిని దొంగగా రుజువు చేసింది. సిగ్గుతో ఆమె ముఖం కాలిపోయింది. కూర్చుందామంటే కుర్చీ ఎక్కడుందో తెలియలేదు.

ముందుగా మాట్లాడింది ఐరిస్.

"ఆ షెడ్డు నీళ్లు మంచివి కావమ్మా" అంది ఇమోజెన్‌తో. "సుద్ద నీళ్లు. ఎంత ఆకు వేసినా రంగు దిగదు. రాసుకో."

ఆ లోయ నీళ్లంత సుద్ద లేని మెత్తటి నీళ్లు దేశంలో లేవనీ, ఆ నీళ్ల కోసమే మిల్లులు అక్కడ కట్టారనీ హాల్లో తెలియనివాళ్లు లేరు. అయినా అందరూ అవునన్నారు. సుద్దే, కెటిల్ అడుగున అట్టలు కట్టేది అన్నారు. గినెల్ పక్షం ఆవిడ లేచి, అసలు ఆ రోజుల్లో రేషను దుకాణంలో ఇచ్చింది టీ ఆకే కాదు, గోదాములో ఊడ్చిన దుమ్ము అంది. స్నికెట్ పక్షం ఆవిడ, ఆ మధ్యాహ్నమంతటిలో మొదటిసారి, ఆమె చెప్పింది నిజమేనంది. రెజ్ అయితే బ్లామైర్ అన్నది మనిషి పేరే కాదన్నాడు. సిలోన్ నుంచి వచ్చే ఓడలో పెట్టెమీద రాసిన పొడి అక్షరాలన్నాడు. ఓడ పేరు కూడా చెప్పాడు.

ఇమోజెన్ ఒకరి తర్వాత ఒకరిని చూసి కలం ఆపేసింది. "హిల్డా గారూ, ఇన్ని రకాలుగా చెప్తున్నారు కాబట్టి నేను పుట్టుక తెలియదు అని వేసేస్తాను. పేరు తీసేస్తాను. అది మీకు సమ్మతమేనా?"

హిల్డా కోరుకున్నది అదే. బుధవారం రాత్రి పడుకునే ముందు దేవుణ్ణి అడిగిందీ అదే. ఊరంతా కలిసి, ఇన్నాళ్లూ ఏడిపించిన ఊరే, అబద్ధాలు కూడగట్టి ఆమె చేతిలో పెడుతోంది. సరేనంటే అయిపోతుంది. సరే అనడానికి నోరు తెరిచింది.

"మీ అమ్మ ఎప్పుడు పోయింది హిల్డా?" అన్నాడు ఎర్నీ.

ఊరంతా అబద్ధాలు పోగేస్తున్నంతసేపూ అందులో కలవని మనిషి. ముఖంలో నవ్వు లేదు. హాల్లో చాలామందికి కోపం వచ్చింది, ఐరిస్ అయితే గొడుగు అందుకుంది.

"పంతొమ్మిది వందల నలభై తొమ్మిది" అంది హిల్డా. "మార్చిలో."

"మార్చి" అన్నాడు ఎర్నీ. తడబడుతూ టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు. "మా నాన్న పోయేముందు ఒక సంగతి చెప్పాడు. జ్వరంలో ఏదో అంటున్నాడనుకున్నా. నలభై తొమ్మిది వసంతంలో ఒక సోమవారం షెడ్డులో టీ నల్లగా వచ్చిందంట. ఆరేళ్లలో అదే మొదలు. హెరాల్డ్ అందరికీ పోసి వెళ్లి తన మూల కూర్చున్నాడంట. పదకొండు మందీ కప్పుల్లోకి చూశారంట. ఒక్కడూ తాగలేదంట. చిక్కటి టీ వస్తే తాగకపోవడమేంటి నాన్నా అంటే, నీకు తెలీదులేరా అని గోడవైపు తిరిగి పడుకున్నాడు. నాకు నిజంగానే తెలీలేదు. ఇప్పుడు నువ్వు ఆ కప్పుల సంగతి చెప్పేదాకా తెలీలేదు."



"వాళ్లకి తెలుసన్నమాట" అంది హిల్డా.

"తెలీకుండా ఎలా ఉంటుందే. మీ అమ్మ కూడా ఆ మిల్లులోనే కదా పనిచేసింది. ఒక్కడు, ఒకే ఒక్కడు, టీ బాలేదు హెరాల్డ్ అంటే చాలు. మర్నాడు డబ్బా చేతులు మారిపోయేది. మా నాన్న నోరు ఎలాంటిదో నీకు తెలుసుగా. చాపెల్లో పాట బాలేదని మధ్యలో లేచి చెప్పిన మనిషి. ఆరేళ్లపాటు ఆ నోరు మూసుకున్నాడు."

హిల్డా ఏడ్చింది. చాటుగా కాదు, చేతిరుమాలు కోసం వెతుక్కోకుండా, అందరి ముందూ నిలబడే ఏడ్చింది. నాన్న తీశాడన్న బాధ ఉంది, అది పోలేదు. దానిమీద ఇంకేదో వచ్చి పడింది. డెబ్బై ఏళ్లుగా ఆ మాట వినబడ్డ ప్రతిసారీ తన ఇంటిమీద రాయి పడ్డట్టు ఉలిక్కిపడింది. ఆ పదకొండు మందిని పేరుపేరునా తిట్టుకుంది. వాళ్ల సమాధుల పక్కనుంచి వెళ్లేటప్పుడు తల తిప్పుకుంది కూడా. తన అమ్మ బతికినన్నాళ్లూ తాగింది వాళ్ల రేషను.

ఐరిస్ వచ్చి ఆమెను కుర్చీలో కూర్చోబెట్టింది. హిల్డా ముక్కు తుడుచుకుని ఇమోజెన్ వైపు తిరిగింది.

"రాసుకోమ్మా. పేరు తీసెయ్యొద్దు. హెరాల్డ్ బ్లామైర్స్ తోటివాళ్ల టీ ఆకు తీశాడు. ప్రతీతి అని కాదు, తీశాడనే రాయి. జబ్బుగా ఉన్న భార్య కోసమని రాయి. కూతురు కూడా తాగిందని రాయి. ఆ కింద పదకొండు మంది పేర్లూ వెయ్యి. తెలిసీ ఆరేళ్లు ఏమీ అనకుండా తాగారని రాయి."

"హిల్డా గారూ" అంది ఇమోజెన్ మెల్లగా, "పుట్టుకకి రెండు లైన్లకంటే ఇవ్వరండీ."

"రెజ్ పెట్టెలు నాలుగు రాసుకున్నావు కదా. అవి తీసెయ్యి."

రెజ్ అభ్యంతరం చెప్పలేదు. ఇమోజెన్ కొత్త అట్టముక్క తీసింది.

మొదటి పేరు ఎర్నీ చెప్పాడు, జో హెప్‌వర్త్. ఐరిస్ తన మామగారి పేరు చెప్పింది, పెర్సీ లమ్. డైసన్ అన్నదమ్ములిద్దరి పేర్లు వెనకవరసలోంచి వచ్చాయి. తర్వాత హాలంతా అందుకుంది. మా తాత ఒకడు అన్నారు, మా పెద్దనాన్న అన్నారు. అప్పటిదాకా ఆ పదకొండు మందిలో తమవాళ్లున్నారని తెలియనివాళ్లు కూడా పక్కవాళ్లు చెప్తే విని ముఖాలు చూసుకున్నారు. అట్టముక్క ఒకవైపు నిండితే ఇమోజెన్ రెండోవైపు తిప్పింది. పది పేర్లయ్యాయి.

పదకొండో మనిషి దగ్గర ఆగిపోయింది. అతన్ని అందరూ పిచ్చుక అనేవాళ్లు. ఆరడుగుల మూడంగుళాల మనిషి, తలుపుల్లోంచి వంగి వచ్చేవాడు, అందుకని వెటకారంగా. పెళ్లి లేదు, వెనక ఎవరూ లేరు. పిచ్చుక అసలు పేరేంటని ఎర్నీ అడిగాడు. ఐరిస్ కళ్లు మూసుకుని ఆలోచించింది. వెనకవరసవాళ్లు ముందువాళ్లను అడిగారు. ఎవరికీ తెలియదు.

"పేరు లేకుండా అచ్చు వేయలేమండీ" అంది ఇమోజెన్. "పది పేర్లు చాలేమో."

"చాలవు" అంది హిల్డా. "ఆయనకి పెళ్లాం పిల్లలు లేరు. ఉన్నదల్లా ఆ రెండు ఔన్సులు. అందులోంచి రోజూ చెంచాడు తెచ్చి వేశాడు. పిచ్చుక అనే రాయమ్మా."

ఇమోజెన్ రాసింది.